ఉడుకునీటి స్నానం, ఆరోగ్య భద్రత: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యంలో ఒక సమీక్ష

పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా పేరుపడ్డ మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అందువల్ల శ్రీకాళహస్తి వైపు మైదానంలో కనిపించని చలి ఇక్కడ కార్తీకం మొదలు మాఘం దాకా నిలకడగా ఉంటుంది. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం చికిత్సాలయం వెలసిందంటే అందులో ఈ పొడి, చల్లని గాలికీ పాలుంది. ఇటువంటి చోట ఉడుకునీళ్లు పోసుకోవడం విలాసం కాదు, రోజువారీ అవసరం. ఎండాకాలంలోనూ ఒళ్లునొప్పుల పేరుతో, తలంటు పేరుతో, బాలింతల పేరుతో ఆ అలవాటు కొనసాగుతూనే ఉంటుంది. ఒక తరం కిందటి దాకా పెరట్లో నీళ్లపొయ్యి మీద రాగి అండా ఉండేది. పట్టుపురుగులు ఆకు తినేయగా మిగిలిన మల్బరీ కట్టెలు, వేరుశనగ పొట్టు, కొబ్బరి చిప్పలు దానికి వంటచెరకు. ఆ స్థానంలోకి నీళ్లలో ముంచే కరెంటు రాడ్డు, ఆ తర్వాత గోడకు బిగించే గీజరు, గ్యాసు గీజరు, మిద్దె మీది సోలార్ తొట్టి ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. కాచే సాధనం మారినప్పుడల్లా ప్రమాదమూ చోటు మార్చుకుంది. పాత ప్రమాదానికి పెద్దలు నేర్పిన జాగ్రత్తలు కొత్త ప్రమాదానికి సరిపోవు కాబట్టి, ఈ విషయాన్ని మొదటి నుంచీ పరిశీలించవలసి ఉంది.

వేడినీటి స్నానంలోని అపాయాల గురించి ప్రపంచంలో వెలువడిన శాస్త్రసాహిత్యంలో చాలా భాగం హాట్ టబ్‌ను, అంటే నలుగురైదుగురు కలిసి మెడ దాకా మునిగి కూర్చునే, పంపుతో నీటిని సుళ్లు తిప్పుతూ వేడిని నిలిపి ఉంచే తొట్టిని దృష్టిలో పెట్టుకున్నది. కీళ్లవాతంతో బాధపడే కొడుకు కోసం కాండిడో జకూజీ అనే ఇటాలియన్ అమెరికన్ 1956లో తయారుచేసిన, తొట్టిలో దించే పంపు ఈ తరహా స్నానానికి ఒక మూలం. అదే కుటుంబానికి చెందిన రాయ్ జకూజీ 1968లో పంపును తొట్టిలోనే అమర్చి అమ్మకానికి తెచ్చాక వాళ్ల ఇంటిపేరే ఆ వస్తువుకు పేరై కూర్చుంది. బెంగళూరు చుట్టుపక్కల రిసార్టుల్లోనూ, అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెరళ్లలోనూ ఇది ఇప్పుడు వింత కాదు. అయితే పడమటి మండలాల్లో స్నానమంటే నూటికి తొంభై పాళ్లు బకెట్టు, చెంబు. తొట్టి కోసం రాసిన జాగ్రత్తలను చెంబు స్నానానికి అలాగే అంటగడితే కొన్ని చోట్ల అనవసరమైన భయం, మరికొన్ని చోట్ల అంతకన్నా చెడ్డదైన నిశ్చింత మిగులుతాయి.

తొట్టి విషయంలో నిపుణుల మాట స్పష్టంగా ఉంది. నీటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ మించకూడదనీ, ఆరోగ్యవంతులు సైతం ఆ వేడిలో పావుగంటకు మించి కూర్చోకపోవడం మంచిదనీ, మద్యం తాగి దిగకూడదనీ చెబుతారు. మెడ దాకా మునిగిన మనిషి చెమట ద్వారా ఒంటి వేడిని వదిలించుకోలేడు. చుట్టూ ఉన్న నీరు ఒంటికన్నా వేడిగా ఉన్నంతసేపూ లోపలి వేడి పెరుగుతూనే పోతుంది, చర్మంలోని రక్తనాళాలు విప్పారి రక్తపోటు పడిపోతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. గర్భం దాల్చిన తొలి మూడు నెలల్లో తల్లి ఒంటి వేడి 39 డిగ్రీలు దాటితే పిండం వెన్నుపాము ఏర్పడే దశకు చేటు కలగవచ్చన్న అనుమానం బలమైనది. 1992లో బోస్టన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఇటువంటి లోపాలకు హాట్ టబ్ వాడకంతో సంబంధం కనిపించింది. రెండో పెద్ద భయం సూక్ష్మజీవులది. వేడినీటిలో క్లోరిన్ త్వరగా ఆవిరైపోతుంది కనుక పదిమంది దిగే తొట్టిలో అది పది లక్షల పాళ్లకు కనీసం 3 పాళ్లు ఉండేలా, నీటి ఆమ్ల క్షార స్థాయి 7.0కూ 7.8కీ మధ్య ఉండేలా చూడాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. అలా చూడనప్పుడు సూడోమోనాస్ అనే బాక్టీరియా రోమకూపాల్లో చేరి, స్నానపు బట్ట అంటుకున్న మేర ఎర్రటి దద్దుర్లు తెస్తుంది. లెజియోనెల్లా అనే మరో బాక్టీరియా నీటి తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణాంతకమైన న్యుమోనియా కలిగిస్తుంది. 1999లో నెదర్లాండ్స్‌లోని ఒక పూల ప్రదర్శనలో అలంకారంగా ఆడించి పెట్టిన సుడితొట్టి దగ్గర నుంచి ఈ జబ్బు వ్యాపించి, ఆ తొట్టిలో కాలు పెట్టనివాళ్లు, పక్కనుంచి నడిచిపోయినవాళ్లు కూడా చనిపోయారు. తొట్టి అడుగున నీటిని లాగే రంధ్రానికి అతుక్కుపోయి పిల్లలు మునిగిపోవడం ఇంకొక ప్రమాదం. 2002లో ఏడేళ్ల బాలిక అలా చనిపోయాక, ఆ పిల్ల పేరుతోనే అమెరికా 2007లో రంధ్రాల మూతలపై చట్టం చేసింది.

వీటిలో చెంబు స్నానానికి వర్తించేవి కొన్నే. బకెట్టులోని నీరు ఒక్కరికే, ఒక్కసారికే; పోసుకున్నది తూములో కలిసిపోతుంది, కాబట్టి క్లోరిన్ గొడవ లేదు. చెంబుకీ చెంబుకీ మధ్య ఒంటిమీది తడి ఆరుతూ చల్లబరుస్తుంది, కాబట్టి పది నిమిషాల స్నానంలో లోపలి వేడి 39 డిగ్రీలకు చేరే పరిస్థితి రాదు. గర్భిణులు గోరువెచ్చని నీళ్లు పోసుకోవడానికి జంకనక్కరలేదు. ఇంతవరకూ మన పద్ధతి మెరుగే. కానీ తొట్టి స్నానంలో లేని మూడు అపాయాలు ఇందులో ఉన్నాయి: నీటి వేడి ఎంతో ఎవరికీ తెలియకపోవడం, ఆ నీరు నేరుగా నడినెత్తిన పడటం, నీటిని కాచే మంట గానీ కరెంటు గానీ మనిషి పక్కనే ఉండటం.

మొదటిదాన్ని చిన్న లెక్కతో చూడవచ్చు. ఈ ఎత్తులో నీరు సుమారు 98 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కుళాయి నీరు 22 డిగ్రీలుండే చలికాలంలో ఒక చెంబు మరిగిన నీటికి మూడు చెంబుల చన్నీళ్లు కలిపితే వచ్చేది 41 డిగ్రీలు, అంటే హాయైన వేడి. మిద్దె మీది తొట్టిలో నీరు 30 డిగ్రీలున్న రోజున అదే కొలతతో తొరిపితే 47 డిగ్రీలు వస్తుంది. పెద్దవాళ్ల చర్మం 49 డిగ్రీల నీటిలో లోతుగా కాలడానికి కొన్ని నిమిషాలు పడితే 60 డిగ్రీల దగ్గర అయిదారు సెకన్లు చాలునని 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే శాస్త్రజ్ఞులు తేల్చిన సంగతి ఇప్పటికీ కాలిన గాయాల వైద్యానికి ఆధారం. పదకొండు డిగ్రీల తేడా నిమిషాలను సెకన్లుగా మారుస్తున్నదన్నమాట. పసిపిల్లల చర్మం పలుచన కాబట్టి వాళ్లకు అంత వ్యవధి కూడా ఉండదు. ఈ తేడాను పట్టుకోవడానికి ఇంట్లో ఉన్న ఏకైక కొలమానం చెయ్యి. పొయ్యి దగ్గర, పొలంలో, పట్టుగూళ్లు ఉడికించే రీలింగు బేసిన్లలో ఏళ్ల తరబడి కాయకాచిన అరచెయ్యి పసిబిడ్డ వీపు తరఫున తీర్పు చెప్పలేదు. అందుకే అరచేతితో కాక మోచేతి లోపలి వైపుతో చూడమంటారు. మధుమేహం ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గినవారి సంగతి ఇంకా కష్టం; వేడినీటిలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, బొబ్బలెక్కాక గానీ తెలుసుకోలేని పరిస్థితి వారిది. తొరిపేటప్పుడు ముందు చన్నీళ్లు పోసి ఆ పైన ఉడుకునీళ్లు కలపాలన్న నియమం పాటిస్తే, నడుమ ఎవరైనా పిలిచి లేచి వెళ్లినా బకెట్టులో మిగిలేది మరిగే నీళ్లు కావు. పాకే పిల్లలున్న ఇంట ఇంతకు మించిన జాగ్రత్త లేదు. నిండు బకెట్టులో తలకిందులుగా పడి పసివాళ్లు మునిగిపోయే ప్రమాదం వేరే ఉంది కనుక, వాడనప్పుడు బకెట్టు ఖాళీగా ఉంచడమే మేలు.

బాలింత స్నానం గురించి ఇక్కడే చెప్పుకోవాలి. కాన్పయిన ఆడమనిషికి ఒంటికి పట్టినంత వేడిగా నీళ్లు పోయడం, ఆ తర్వాత తలుపులు మూసి కుంపటిలో బొగ్గుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టడం ఈ ప్రాంతంలో ఇంకా చెల్లుబాటులో ఉంది. వెచ్చని నీరు నొప్పులకు ఉపశమనమే. సిజేరియన్ కుట్టు మీద, తిమ్మిరి పూర్తిగా వదలని నడుము మీద కాగే నీరు పడటం మాత్రం ఏ విధంగానూ ఉపశమనం కాదు. పొగ సంగతి మూసిన గదిలో గాలి సంగతితో కలిపి చూడవలసినది.

రెండో అపాయం నడినెత్తికి సంబంధించినది. దక్షిణ భారతదేశంలో, ముఖ్యంగా మైసూరు పీఠభూమి మీద, ఉడుకునీళ్లు తల మీద పోసుకున్నప్పుడే వచ్చే ఒక రకం మూర్ఛ ఉంది. వేడినీటి మూర్ఛ అని వైద్యులు పిలిచే ఈ జబ్బు ఏదో ఒక బయటి ప్రేరణ తగిలితే తప్ప రాని మూర్ఛల కోవకు చెందినది. 1945లో న్యూజిలాండ్‌లో ఒక రోగి విషయంగా దీన్ని మొదట వర్ణించినా, పెద్ద సంఖ్యలో రోగులను గుర్తించి అధ్యయనం చేసింది బెంగళూరు వైద్యులే. 1960ల చివరి నుంచి కె.ఎస్. మణి దీన్ని లోకం దృష్టికి తేగా, అక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రికి చెందిన పి. సతీశ్‌చంద్ర బృందం 1988లో 279 మంది రోగుల వివరాలు ప్రచురించింది. పుంగనూరుకూ కుప్పానికీ బెంగళూరు కొన్ని గంటల దూరం. భాష మారినా స్నానం తీరు మారదు కాబట్టి, కర్ణాటక సరిహద్దు అవతల కనిపించే జబ్బు ఇవతల ఉండదనుకోవడానికి కారణమేమీ లేదు.

దీని రూపం తెలిస్తే గుర్తుపట్టడం కష్టం కాదు. 40 నుంచి 50 డిగ్రీల వేడిలో ఉన్న నీటిని నాలుగైదు చెంబులు వరుసగా తల మీద గుమ్మరించుకున్నాక మనిషి చూపు ఒకచోట నిలిచిపోతుంది, పిలిస్తే పలకడు, లేదా పొంతన లేని మాటలంటాడు; కొందరు ఆ స్థితిలోనూ ఆపకుండా నీళ్లు పోసుకుంటూనే ఉంటారు. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకోవచ్చు, లేదా కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. మగపిల్లల్లో ఎక్కువ, కొన్ని కుటుంబాల్లో ఒకరికన్నా ఎక్కువ మందికి కనిపిస్తుంది. రోజూ ఒంటికి పోసుకుని వారానికో, పదిహేను రోజులకో తలంటుకునే ఇళ్లలో మూర్ఛ కూడా తలంటు రోజునే వస్తుంది. శనివారమో శుక్రవారమో తప్ప మిగతా రోజుల్లో పిల్లవాడు చక్కగా ఉండటంతో పెద్దవాళ్ల ఆలోచన నీటి మీదికి పోక గాలి, ధూళి, దిష్టి మీదికి పోతుంది. వైద్యుడు అడగవలసిన ప్రశ్న, ఇంటివాళ్లు తామై చెప్పవలసిన సంగతి ఒక్కటే: అది తలస్నానం రోజా, కాదా? మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం ఇటువంటివారిలో అతిగా స్పందిస్తుందని పరిశోధకుల అభిప్రాయం.

చికిత్సలో మొదటి భాగానికి ఖర్చు లేదు. తలకు గోరువెచ్చని నీటినే వాడటం, చెంబుతో గుమ్మరించే బదులు తడిబట్టతో తుడవడం లేదా షవర్ కింద కొంచెం కొంచెంగా తడవడం, స్నానాల గది గడియ వేసుకోకపోవడం చాలామందికి సరిపోతాయి. అలా తగ్గనివారికి తలంటుకు గంటన్నర, రెండు గంటల ముందు మాత్రమే వేసుకునే క్లోబజామ్ అనే మందుతో మంచి ఫలితాలు వచ్చాయని బెంగళూరు అనుభవం. రోజూ మాత్రలు మింగనక్కరలేని మూర్ఛ అంటే అరుదైన సౌకర్యమే. కొందరికి కొన్నేళ్లకు నీటితో నిమిత్తం లేని మూర్ఛ కూడా మొదలవుతుంది కాబట్టి ఈ మందు న్యూరాలజిస్టు చెప్పిన మోతాదులోనే వాడాలి. మూర్ఛ వచ్చినవాడి పిడికిట్లో ఇనుప తాళంచెవి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం ఇప్పటికీ చూస్తాం. చేయవలసింది నీళ్లు ఆపి, వేడినీటి బకెట్టు దూరంగా జరిపి, మనిషిని పక్కకు ఒత్తిగిల్లబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకువెళ్లడం.

స్నానాల గదిలో పడిపోయిన ప్రతివారికీ వచ్చినది ఈ మూర్ఛే అనుకుంటే మాత్రం ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. మూడో అపాయం ఇక్కడే ఉంది. గ్యాసు గీజరు ఉన్న ఇళ్లలో అదే లక్షణాలతో, అంటే కళ్లు తిరగడం, తెలివితప్పడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడంతో వచ్చేది కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం. మనదేశపు న్యూరాలజిస్టులు దీన్ని వేరుగా గుర్తించి నమోదు చేస్తూ వస్తున్నారు. రంగూ వాసనా లేని ఈ వాయువు మంటకు చాలినంత ఆక్సిజన్ అందనప్పుడు పుడుతుంది, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిమిషానికి ఆరు లీటర్ల నీటిని పాతిక డిగ్రీల మేర వేడెక్కించే గీజరులో సుమారు పది కిలోవాట్ల మంట మండుతుంది, అంటే వంటింటి పొయ్యిలు నాలుగైదు ఒకేసారి వెలిగించినట్టు. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న గదిలోకి బయటి గాలి రాకపోతే ఆ మంట పది నిమిషాల్లో అక్కడి ఆక్సిజన్‌లో నాలుగో వంతుకు పైగా తినేస్తుంది. మిగిలిన దానితో అరకొరగా మండుతూ విషాన్ని వదులుతుంది. చలికాలంలో వెంటిలేటరుకు అట్ట అడ్డం పెట్టే ఇళ్లలో ఈ లెక్క అక్షరాలా నిజమవుతుంది. గ్యాసు వాసన రావడం లేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వాసన కలిపేది కాలని గ్యాసుకు, కాలగా మిగిలిన పొగకు కాదు. సిలిండరూ గీజరూ రెండూ గది బయట, గాలి ఆడే వరండాలోనో బాల్కనీలోనో ఉండి, వేడినీటి గొట్టం మాత్రమే లోపలికి రావాలి. స్థలం లేదంటే గ్యాసు గీజరు మాట వదులుకోవాలి. దుకాణంలో లీటర్ల గురించి, రేటు గురించి గంటసేపు బేరమాడే మనిషి గాలి దారి గురించి అడగడు, అమ్మేవాడూ చెప్పడు. బాలింత గదిలోని బొగ్గుల కుంపటికీ ఇదే సూత్రం. అక్కడ పీల్చేవారిలో పది రోజుల బిడ్డ కూడా ఉంటుంది. తలుపు తెరిచి మనిషిని బయటికి లాగడం మొదటి పని, లోపలికి వెళ్లేవాడు ఊపిరి బిగబట్టి వెళ్లడం దానికన్నా ముందు పని. తేరుకున్నాక కూడా వైద్యుడికి గ్యాసు గీజరు సంగతి చెప్పి తీరాలి, లేకుంటే జీవితాంతం అక్కరలేని మూర్ఛ మందులు రాసే అవకాశం ఉంది.

కరెంటు విషయంలో కొత్తగా చెప్పవలసింది తక్కువ. 20 లీటర్ల బకెట్టును 22 నుంచి 42 డిగ్రీలకు తేవడానికి 1500 వాట్ల రాడ్డుకు ఇరవై నిమిషాలు చాలు; దాన్ని పెట్టి మరిచిపోవడం, స్విచ్చి ఆపకుండా నీళ్లలో వేలు ముంచి చూడటం, ఇనుప బకెట్టు వాడటం ప్రాణాల మీదికి తెస్తాయి. ప్లగ్గు పీకేసిన తర్వాతే నీటిని తాకాలి. బోరు నీళ్లలోని సున్నం రాడ్డు మీద, గీజరు కాయిలు మీద తెల్లటి పెచ్చుగా పేరుకుని, లోపలి వేడి నీటికి అందకుండా అడ్డుపడటంతో కాయిలు తానే కాలి పగులుతుంది, పగిలిన కాయిలు నుంచి కరెంటు నీటిలోకి దిగుతుంది. ఐఎస్ఐ గుర్తు, మూడో పిన్నుకు నిజంగా భూమిలోకి దిగిన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ ఈ మూడూ ఉన్న ఇంట షాకు చావు దాకా పోయే అవకాశం చాలా తక్కువ. గీజరు పేలడానికి కారణం సాధారణంగా లోపలి ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వు పనిచేయకపోవడం. కారుతున్నదని దాని మూతిని బిరడాతో బిగించే ప్లంబరు బాంబు బిగిస్తున్నట్టే.

గుండెజబ్బు, రక్తపోటు మందులు వాడే వృద్ధులకు చలిగదిలో బట్టలు విప్పి మరీ వేడినీటిలోకి పోవడమే ఎక్కువ ముప్పు. తొట్టిలో మునిగే అలవాటున్న జపాన్‌లో చలికాలంలో ఏటా వేలమంది పెద్దవాళ్లు స్నానాల గదిలో చనిపోతుండగా, అక్కడి ప్రభుత్వం 41 డిగ్రీలు, పది నిమిషాలు దాటవద్దని చెబుతోంది. చెంబు స్నానంలో ఇది కొంత తక్కువే అయినా, పీట మీద కూర్చుని పోసుకుని, ఒళ్లు తుడుచుకున్నాక నెమ్మదిగా లేవడం మంచిది.

చివరగా గీజరు ముల్లును ఎంత మీద పెట్టాలన్న చిక్కు ఒకటుంది. లెజియోనెల్లా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, 60 దగ్గర చస్తుంది. అదే 60 డిగ్రీల నీరు చర్మాన్ని అయిదారు సెకన్లలో కాలుస్తుంది. రోజూ ఖాళీ అయి నిండే 15 లీటర్ల ఇంటి గీజరులో సూక్ష్మజీవికి స్థిరపడే వ్యవధి ఉండదు కనుక, పిల్లలూ వృద్ధులూ ఉన్న ఇంట 50 డిగ్రీల దగ్గర ఉంచి, పది రోజులు ఊరెళ్లి వచ్చినప్పుడు మాత్రం ఒకసారి పూర్తిగా కాచి ఆ నీళ్లు వదిలేయడం సరిపోతుంది. లాడ్జీలు, హాస్టళ్లు, ఆసుపత్రులు, హార్స్‌లీ కొండ మీది అతిథిగృహాల వంటి చోట్ల పెద్ద తొట్టిలో నీరు నిలవుండి, కొన్ని గదుల కుళాయిలు వారాల తరబడి తెరవకుండా ఉంటాయి. అక్కడ తొట్టిలో 60 డిగ్రీలు తగ్గకుండా ఉంచి, కుళాయి దగ్గర చన్నీళ్లు కలిసి 42, 43 డిగ్రీలకు దిగేలా మిక్సింగ్ వాల్వు పెట్టాలి. మిద్దె మీది సోలార్ తొట్టికి కూడా ఇదే వాల్వు కావాలి, ఎందుకంటే మే నెలలో వాడకం లేని మధ్యాహ్నం అందులో నీరు 70 దాటగలదు, మబ్బు పట్టిన వారంలో 40 దగ్గరే నిలిచిపోగలదు.